సూర్యుడికి దిష్టి

ఇప్పుడు సూర్యుణ్ణి ఎవరైనా నేరుగా చూడొచ్చు. పోయిన నెల నుంచి అతని వెలుగు తగ్గుతూ వస్తోంది. కంటికి ఇబ్బంది లేదు కాబట్టి మా ఊరు పొద్దువాకలో అందరూ పనులు మానుకుని అతన్నే చూస్తున్నారు. నేను బళ్లో భూగోళం చెబుతాను కాబట్టి మిగతావాళ్లకన్నా కాస్త శ్రద్ధగా చూస్తున్నాను.

మా అత్తగారు గవరమ్మ గడపలో నిలబడి ఒక్కసారి పైకి చూసి తేల్చేస్తుంది.

"దిష్టి తగిలీసింది అల్లుడుగారూ. లోకమంతా నోరెళ్లబెట్టి సూస్తంటే తగలదేటి?"

చూపు పడ్డకొద్దీ వెలుగు తగ్గుతోంది, వెలుగు తగ్గినకొద్దీ చూడటం సులువవుతోంది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అయితే ఉప్పూ ఎండుమిరపకాయలూ మనిషి చుట్టూ తిప్పినట్టు సూర్యుడి చుట్టూ మూడుసార్లు ఎలా తిప్పాలో ఆవిడకి తోచడం లేదు. నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే మేష్టర్ని ఎందుకవుతాను?

"మనం ఏడాదికోసారి ఆయన చుట్టూ తిరుగుతూనే ఉన్నాం కదండీ," అంటాను.

"అయితే మీరే పట్టండి," అని ఆవిడ రాళ్ల ఉప్పూ, ఏడు మిరపకాయలూ నా కుడి గుప్పిట్లో పెట్టి మూసేస్తుంది. "మూడు సుట్లూ అయినదాకా గుప్పిట ఇప్పకండి. నోరూ ఇప్పకండి. మద్దెలో మాటాడితే ఆ దిష్టి ఇంక వదల్దు."

పదకొండింటికి క్లాసుందని చెప్పబోయి నోరు మూసుకుంటాను. మొదటి చుట్టు అప్పటికే మొదలైంది.

పాఠాలు పటం మీద ఎడమ చేతి వేలితో చెబుతున్నాను. పిల్లలు ఎప్పటికన్నా బాగా వింటున్నారు. పొలాల్లో వరి తెల్లగా మొలిచి, వెలుగు ఎటుందో తేల్చుకోలేక నాలుగు దిక్కులా వాలిపోతోంది. మేడ మీద పెట్టిన వడియాలు నెలల తరబడి తడిగానే ఉండి మెల్లగా ఊపిరి పీలుస్తున్నాయి. కోళ్లు కూసే వేళయిందా అని ఇంటింటికీ వచ్చి అడిగి వెళ్తున్నాయి. సముద్రం ఒడ్డు నుంచి గడ్డకడుతూ లోపలికి పోతోంది.

మొదటి చుట్టు పూర్తికాకముందే మాకు ఆడపిల్ల పుడుతుంది. మాలో పిల్లకి తండ్రే చెవిలో పేరు చెప్పాలి. ఇరవై ఒకటో రోజున నా భార్య రాజ్యం పిల్ల చెవిని నా నోటి దగ్గరికి తెస్తుంది. పేరు నా నాలుక చివరే ఉంది. నేను గుప్పిట చూపిస్తాను.

"పేరు లేని పిల్లని ఏటని జోకొట్టమంటారు?" అంటుంది రాజ్యం.

నాకు ఏడుపొస్తోంది. ఏడుపు కూడా మాట కిందికే వస్తుందేమోనని ఆపుకుంటున్నాను.

రాజ్యం తనే రెండు మూడు పేర్లు పెట్టి చూస్తుంది. అవి పిల్లకి అంటుకోవు. తెల్లారేసరికి పక్కలో రాలి ఉంటాయి, దుప్పటి దులిపితే పోతాయి. "పాపా" అని పిలిస్తే వీధిలో పిల్లలందరూ తిరిగి చూస్తారు, మా పిల్ల తప్ప. తనని కాదనుకుంటుంది. నా గొంతు ఎలా ఉంటుందో దానికి తెలియదు. నాన్న అంటే మూసిన గుప్పిటే అనుకుని, రోజూ దానికే ముద్దు పెట్టి ఆటకి వెళ్తుంది.

మూడో చుట్టు పూర్తవడానికి ఇంక తొమ్మిది రోజులున్నాయి. పైకి లేచే ఓపిక లేక సూర్యుడు సముద్రం అంచునే కూలబడి ఉన్నాడు. అక్కడిదాకా అంతా మంచు. మా పిల్ల ఒక్కతే దాని మీద అతని వైపు నడుస్తోంది. దారిలో చేపల కోసం జాలర్లు తవ్విన గుంటలున్నాయి. వాటి మీద పేరుకున్న మంచు అప్పడమంత పలచగా ఉంది.

"పాపా! పాపా!" రాజ్యం అరుస్తూ పరిగెడుతుంది. ఒడ్డునున్న పిల్లలందరూ ఆమె వైపు చూస్తారు. మా పిల్ల నడుస్తూనే ఉంది.

గవరమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది.

"తొమ్మిది రోజులు బాబూ. తొమ్మిదే రోజులు."

గోనెసంచులు కప్పుకున్న జనం సూర్యుణ్ణి చూడటం మానేసి నన్నే చూస్తున్నారు. వాళ్లకీ పిల్లలున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆవిడ చేతిని పక్కకి తీస్తాను.

మూడేళ్లు వాడని గొంతుతో నా కూతుర్ని పేరు పెట్టి పిలుస్తాను.

పిల్ల ఆగుతుంది. ఎవరో తననే పిలిచారని మొదటిసారి తెలిసి, వెనక్కి తిరుగుతుంది. దాని వెనక సూర్యుడూ తిరుగుతున్నాడు. ఇన్నాళ్లూ మేం చూసింది అతని వీపని ఊరంతటికీ ఒకేసారి అర్థమవుతుంది. అతని ముఖం మా పిల్ల ముఖంకన్నా పెద్దదేం కాదు.

"ఆఁ, నాన్నా," అంటారు ఇద్దరూ.

పిల్ల అతని చెయ్యి పట్టుకుని ఒడ్డు వైపు నడిపించుకొస్తోంది. వాళ్లు అడుగు తీసిన చోటల్లా, వెనకాలే, మంచు నీళ్లవుతోంది. ఒడ్డు ఇంకా చాలా దూరం ఉంది. నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను.