ఎడమ చెవి దుద్దు

ఎడమ చెవి తమ్మె మీద చిన్న వేళ్ళు.

రెండే వేళ్ళు. పాల తడి ఆరని వేళ్ళు. మెల్లగా నలుపుతాయి, ఆగుతాయి, మళ్ళీ నలుపుతాయి…

ఆ వేళ్ళు జారిపోతే బుడంకాయ నిద్రపోయినట్టు.

పద్నాలుగు నెలలుగా అంతే. పిల్లకు గుచ్చుకుంటుందని తల్లి ఎడమ దుద్దు తీసి డబ్బాలో పడేసింది. కుడి చెవిది మాత్రం ఉంచుకుంది. "రెండోది ఎక్కడ పారేసుకున్నావు?" అని చూసినవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆమెకేం.

ఇప్పుడు సెలవు అయిపోవచ్చింది. ల్యాబులో రక్తం తీసే కుర్చీ ఆమె కోసం ఖాళీగా ఉంది. బుడంకాయ డేకేరుకు వెళ్ళాలి.

డేకేరు మేడమ్ ఒక కాగితం చేతిలో పెట్టింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు లైట్లు ఆపుతారు. ఎవరి చాప వారిదే. ఒళ్ళో పడుకోబెట్టరు, పక్కన పడుకోరు.

"పదిహేను రోజుల ముందు నుంచే ఇంట్లో అలవాటు చేయండి. లేకపోతే ఇబ్బంది పడేది మీ పాపే," అంది నవ్వుతూ.

ఆ నవ్వుకు తల్లి ఒళ్ళు మండింది.

కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని కొరకొరా చూసింది.

చూసి చూసి, చివరికి అది చెప్పినట్టే చేసింది.

పన్నెండున్నర. కర్టెన్ లాగింది. చాప పరిచింది. అద్దం ముందు నిలబడి ఎడమ చెవికి దుద్దు గుచ్చుకుంది. రంధ్రం సగం పూడిపోయింది. నెత్తురు చుక్క వచ్చింది. ఊరందరికీ సూది గుచ్చే మనిషి, అబ్బా అంది.

చిన్న వేళ్ళు వచ్చాయి. దుద్దు రాయి తగిలింది. వెనక్కి వెళ్ళాయి.

మళ్ళీ వచ్చాయి.

తల్లి తల పక్కకు తిప్పుకుంది.

బుడంకాయ ఏడ్చింది. గుక్కపట్టి ఏడ్చింది. తల్లి గడియారం వైపు చూస్తూ, పళ్ళు బిగబట్టి కూర్చుంది. మేకు కొట్టినట్టు కదలకుండా కూర్చుంది.

"కాసేపు చెవి ఇస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు భర్త, ఫోన్లోనే ఆ ఏడుపు విని.

"నీ చెవి కాదుగా. నీతులు ఎన్నైనా చెప్తావు," అని టక్కున పెట్టేసింది.

అలా పదిహేను మధ్యాహ్నాలు. పదిహేనో రోజున బుడంకాయ గోడ వైపు తిరిగి ఒక్కతే పడుకుంది.

తల్లి గెలిచింది. గెలిచి, వంటింట్లోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

డేకేరు మొదలైంది. రోజూ సాయంత్రం ఆయమ్మ పిల్లను చంకనేసుకొని గేటు దగ్గరికి తెచ్చేది. "హాయిగా పడుకుందమ్మా," అనేది. పడుకోకేం? నేర్పింది తను. ఆ ముసలిదేదో నేర్పినట్టు చెప్పడమేమిటని తల్లికి కడుపుమంట.

తొమ్మిదో రోజున కనిపించింది.

ఆయమ్మ కుడి చెవికి ఎర్రరాయి దుద్దు. ఎడమ చెవి బోసిగా ఉంది.

ఆ తమ్మె మీద రెండు వేళ్ళు.

"మీ దుద్దేది?"

ఆయమ్మ చెయ్యి చప్పున చెవి మీదకు వెళ్ళింది. "కోటు జేబులో ఉందమ్మా… పాపకి గుచ్చుకుంటుందని."

"పక్కన పడుకోకూడదని కాగితంలో రాయలేదూ?"

"కాగితానికేం, అది ఏడవదుగా. మొదటి రోజే చెవి కోసం తడుముకుందమ్మా మీ పిల్ల. ఏడుస్తుంటే చూస్తూ కూర్చోమంటారా?"

"నేను కూర్చున్నాను."

తల్లి గొంతు కీచుగా వచ్చింది.

"పదిహేను రోజులు కూర్చున్నాను!"

ఆ అరుపుకు మేడమ్ బయటికి వచ్చింది. అదే నవ్వు. "ఏమైనా ఇబ్బందా అండీ?"

ఆయమ్మ మొహంలో రక్తం లేదు. ఒక్క మాట చాలు, ఆమె ఉద్యోగం పోతుంది. ఆ మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ బోసి చెవిని, ఆ జేబును, ఆ నవ్వును… అన్నిటినీ అసహ్యించుకుంది.

కానీ రేపు మళ్ళీ పన్నెండున్నర అవుతుంది. ఆ చెవి కూడా లేకపోతే పిల్లకు అక్కడ ఏముంటుంది?

"ఏం లేదండీ," అంది.

పిల్లను ఆయమ్మ చంకలోంచి లాక్కున్నట్టే తీసుకుంది.

ఆదివారం. పన్నెండున్నర. కర్టెన్ లాగింది. చాప పరిచింది. ఎడమ దుద్దు తీసేసి, పిల్ల పక్కన వాలి, చెవి దగ్గరగా పెట్టింది.

బుడంకాయ ఆ చెవిని చూసింది. కాసేపు చూసింది. గోడ వైపు తిరిగింది.

నేర్పినట్టే.

నిద్ర ఇంకా రాలేదు. చాప అంచు మీద చిన్న వేళ్ళు. రెండే వేళ్ళు. మెల్లగా నలుపుతాయి, ఆగుతాయి, మళ్ళీ నలుపుతాయి…

తల్లి ఇంకొంచెం దగ్గరికి జరిగింది.