నాయనమ్మ ఆరబెట్టిన పుస్తకం

తుఫాను వెలిసిన తెల్లారి, చూరు కింద దాచుకున్న పుస్తకం కోసం హైమావతి చెయ్యి పెడితే నీళ్లోడే ముద్ద తగిలింది.

కొల్లిపరలో ఆ పిల్ల గొంతు విన్నవాళ్లు తక్కువ. చుట్టాలొస్తే గాదె చాటుకు పోయేది. మాటలన్నీ ఆ పుస్తకంలోనే. పాత తరగతుల పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి, తాత సుందరయ్య దబ్బనంతో కుట్టి ఇచ్చాడు. ఒక కాగితానికి ఒంటిగీతలు, మరోదానికి లెక్కల గళ్లు. తెనాలి నుంచి సిరా పెన్ను కూడా తెచ్చాడు.

"నువ్వెటూ మాట్లాడవు. నేను వాగేదన్నా రాసిపెట్టవే" అన్నాడు.

రాసింది. సిరా అవతలికి దిగుతుందని కాగితానికి ఒకవైపే రాసేది. ఏ గాలికి వాన పడుతుందో, రేపల్లె రైలనుకుని బాపట్ల బండెక్కిన పెళ్లివారు ఏమయ్యారో, అన్నీ తాత మాటల్లోనే. పాళీ గరగరలాడుతుంటే ఆమెకు లోకం తెలిసేది కాదు. మాఘంలో తాత పోయాడు. ఇక ఆ గొంతు ఉన్నది అందులోనే.

కూలబడి ఏడుస్తుంటే నాయనమ్మ అంకమ్మ వచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

"ఏంటే, కొంపలంటుకున్నట్టు?"

"తాత... తడిసిపోయాడు."

అంకమ్మ ఆ పుస్తకం తీసుకుని కుట్టు విప్పింది. అప్పడాలు వంకర్లు పోకుండా ఎలా అణచాలో ఆమెకు బాగా తెలుసు. తన పల్చటి తెల్లచీర సగం వసారాలో పరిచి, కాగితాలు రాతవైపు పైకి వచ్చేలా పక్కపక్కనే పేర్చి, మిగతా సగం కప్పి, పైన పీటలన్నీ బోర్లించింది.

మధ్యాహ్నందాకా పెరట్లో విరిగిన కొమ్మలు ఏరి వచ్చిన హైమ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాయనమ్మా! సిరా గుడ్డకి అంటుకుంటుందే!"

పీటలు తీశారు. కాగితాలు నున్నగా ఆరాయి. రాత మాత్రం వెలిసి, నీలపు మరకలు మిగిలాయి. పైన కప్పిన చీర నిండా అక్షరాలు, అన్నీ అద్దంలోలా తిరగబడి.

"అయ్యో, మీ తాతని నా చేత్తోనే చెరిపేశానా?" అంది అంకమ్మ.

హైమ ఆ చీర తీసుకెళ్లి దండెం మీద వేసింది. ఆమె వెనక నుంచి ఎండ పడింది. సర్దుదామని అవతలివైపుకు వెళ్లి తలెత్తింది. గుడ్డలో ఇంకిన అక్షరాలు అటునుంచి తిన్నగా ఉన్నాయి! ఏడాది మాటలన్నీ ఒక్కచోట, తలకు మించిన ఎత్తున, గాలికి ఊగుతున్నాయి. తనకు తెలియకుండానే పైకి చదవసాగింది.

"తూర్పు గాలి తడిచేత్తో తలుపు తడితే, కళ్లంలో గింజ ఉంచకు..."

దడి అవతల పక్కింటి ఆదిలక్ష్మి తల ఎత్తింది. "ఓసినీ, హైమకి ఇంత గొంతుందా! ఎవరితోనమ్మా?"

"వాళ్ల తాతతో. నువ్వు ఊరుకో" అంది అంకమ్మ, దండెం కింద చతికిలబడి. "ఆ పెళ్లివారిది చదువు. ఎక్కడుందీ, కుచ్చిళ్ల దగ్గరా?"

వారం పట్టింది, అంతా కొత్త పుస్తకంలోకి ఎక్కించడానికి. ఆఖరి ముక్క రాశాక హైమ చీరను సబ్బునీళ్లలో ముంచబోతే అంకమ్మ లాక్కుంది.

"చదవొచ్చేది ఏ వైపన్నావు?"

"ఇదిగో, ఇటు."

అంకమ్మ ఆ వైపు ఒంటికి తగిలేలా చీర కట్టుకుని, కొంగు దోపుకుని, అప్పడాల పిండి కలపడానికి వెళ్లింది.