ముందు తాళం, తర్వాతే పేర్లు

ఆస్పత్రి ఫైళ్లన్నిటినీ పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చే ప్రోగ్రాం రాసింది విసాల్. స్ఫాక్స్ ఊరంతా రోజా ఉపవాసం విడవడానికి ఇళ్లకు పరుగులు తీస్తున్న వేళ, దూరపు డయాలసిస్ కేంద్రం నుంచి నర్సు మబ్రూకా ఫోన్ చేసింది.

"అమ్మాయ్, జాజియా ఫైలు తెరుచుకోవట్లేదు. మనిషేమో డయాలసిస్‌కి మంచమెక్కేసింది. ఆవిడకి ఏ మందు పడదో అందులోనే ఉంది. నిన్నటిదాకా బానే ఉందే, ఏం మాయ చేశావ్?"

విసాల్ కొత్త సర్వర్ తెరిచింది. ఏ ఫైలును ఎవరెవరు చూడొచ్చో ఆ పేర్లను కూడా ఫైళ్లతో పాటే కాపీ చేసింది కదా. తీసి చూస్తే మబ్రూకా పేరు ఉండాల్సిన చోటే ఉంది.

"అందరికీ తెరిచి పారెయ్, రేపు చూసుకుందాం," అన్నాడు పై అధికారి సీ లమీన్, సంచి భుజాన వేసుకుంటూ. "ఇంట్లో షోర్బా సూప్ చల్లారిపోతోంది."

ఫోన్లో మరో గొంతు లేచింది, జాజియాది.

"తెరిస్తే నేను మంచం దిగి పోతా! మా మరిది మీ ఆస్పత్రిలోనే గుమాస్తా. మా పిల్ల కిడ్నీ నాకు సరిపోతుందని అందులో ఉంది. ఆయన చూశాడంటే ఇంటిల్లిపాదీ ఇమ్మని దాని మీద పడతారు. ఇవ్వాలో వద్దో అదే తేల్చుకోవాలి."

"అర నిమిషం తెరిస్తేనే కొంపలంటుకుంటాయా?" అని గొణిగాడు సీ లమీన్.

"ఆయనకి అర నిమిషం చాలు," అంది విసాల్.

ప్రోగ్రాం చివరి వరుస దగ్గర ఆమె చూపు ఆగింది. పని ముగిశాక తాళం వేసే అలవాటు ఆమెది. పేర్లన్నీ కాపీ చేశాక, ఫైలు యజమాని తప్ప ఎవరూ చూడకూడదని ఒక ఆజ్ఞ రాసింది. అది పేర్లను చెరపదు, వాటి మీద మూతలా కూర్చుంటుంది. మూత కింద ఎన్ని పేర్లున్నా ఒక్కటీ పని చేయదు. తన జాగ్రత్తే తన కొంప ముంచిందని విసాల్‌కు ఒళ్లు మండింది.

ఆ వరుసను పేర్ల కాపీ కంటే ముందుకు జరిపింది. ముందు తాళం, తర్వాత పేర్లు. జాజియా ఫైలొక్కటే మళ్లీ కాపీ చేసింది.

"వచ్చింది! వచ్చింది తల్లీ!" అని అరిచింది మబ్రూకా.

"మరి మా మరిదికో?" అడిగింది జాజియా.

విసాల్ ఆ గుమాస్తాకున్న అనుమతులతోనే ఫైలు తెరవబోయింది. తెర ఒప్పుకోలేదు.

"కుదరదంటోందమ్మా. నేనే ప్రయత్నించి చూశాను."

ఉపవాసం విడిచే వేళైందని బయట ఫిరంగి మోగింది. సీ లమీన్ సంచి దించి, అందులోంచి ఖర్జూరాలు తీసి ఆమె ముందు పెట్టాడు. మిగతా ఫైళ్ల పని చూడడానికి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

ఫోన్లో జాజియా అంటోంది: "ఇంకేం చూస్తావ్ మబ్రూకా, గుచ్చు సూది."