ఎవరూ నొక్కని ఎర్ర బటన్

నేను ఒక బటన్‌ని. చొక్కాకి కుట్టేది కాదు, ఫోను తెర మీద కనిపించేది. ఎర్రగా, మూలలు గుండ్రంగా, మధ్యలో తెల్లని అక్షరాలతో 'రాలేదు' అని ఉంటాను. ఏది రాలేదంటారా? పడవ. వేటకెళ్లిన పడవ ఒడ్డుకి రాకపోతే నన్ను నొక్కాలి. నా పక్కనే పచ్చగా ఇంకో బటన్ ఉంటుంది, దాని మీద 'వచ్చింది' అని రాసుంటుంది. ఇద్దరిలో ఎవరికి గిరాకీ ఎక్కువో మీరే ఊహించుకోండి.

నేను పుట్టింది విశాఖపట్నంలో, మధురవాడ కొండ మీది ఒక ఏసీ ఆఫీసులో. నన్ను రాసింది హిమజ అనే ఇంజనీరు. పాతకాలం బటన్లకి ఒక్కొక్క పనీ చెప్పి చేయించేవారట: ఇక్కడ నిలబడు, ఇప్పుడు ఎర్రబడు, ఇక తప్పుకో, అని. ఒక్క మాట చెప్పడం మరిచిపోతే పాపం ఆ బటన్ తప్పుకోకుండా అక్కడే నిలబడిపోయేది. నా తరానికి అలా చెప్పరు. పడవ సముద్రంలో ఉంటే తెర ఇలా ఉండాలి, ఒడ్డున ఉంటే అలా ఉండాలి అని రాసిపెట్టి ఊరుకుంటారు. పెళ్లివారు 'పందిరి బాగుండాలి' అని చెప్పి వెళ్లిపోయినట్టే, మిగతా తిప్పలన్నీ మావి. సంగతి మారిన ప్రతిసారీ పాత నన్ను తుడిచేసి కొత్త నన్ను గీస్తారు. రోజుకి ఎన్నిసార్లు పుడతానో లెక్కపెట్టడం మానేశాను.

ఇంకో గొప్ప కూడా చెప్పుకోవాలి. నన్ను ఒక్కసారి రాస్తే చాలు, ఆండ్రాయిడ్‌లోనూ నేనే, ఐఫోన్‌లోనూ నేనే. పదిమంది వాడినా పదివేలమంది వాడినా అదే రాత. ఆఫీసరు చేతిలోని ఖరీదైన ఫోనులోనూ, చేపలబుట్టలో పడి అద్దం పగిలిన ఫోనులోనూ ఒకేలా కనబడతాను. ఎవరి దగ్గరైనా ఒకేలా ఉండడం మనుషుల్లో చాలామందికి చేతకాని పని.

ఆఫీసులో నన్ను బాగానే పరీక్షించారు. లేని పడవలకి పేర్లు పెట్టి, కాఫీ తాగుతూ, 'రాలేదు', 'రాలేదు' అని నొక్కారు. ఒక్క మధ్యాహ్నంలో నాలుగు వందల పడవలు గల్లంతయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత నన్ను భీమిలి అవతల ఒక జాలరిపేటకి పంపారు. యాప్ అక్కడి మత్స్యకారుల సొసైటీది. పడవెక్కేది మగవాళ్లు, ఫోను ఉండేది ఒడ్డునున్న ఆడవాళ్ల దగ్గర. ఆ పడవ తాలూకు ఇంటి ఫోనులో నన్ను నొక్కితేనే సొసైటీ గాలింపు బోటు కదులుతుంది. నోటిమాటకి కదలదు. ఎవరో చెప్పారని వెళ్లి రెండుసార్లు డీజిలు తగలేసుకున్నాక వాళ్లు అలా తీర్మానం చేసుకున్నారు.

మూడు నెలలు గడిచాయి. నూట పన్నెండు పడవలు. పచ్చ బటన్‌ని తొమ్మిది వేలసార్లకి పైగా నొక్కారు. నన్ను ఒక్కసారి కూడా నొక్కలేదు. హిమజ పై అధికారి రామకోటి గారు గ్రాఫు చూసి, ఒక్క పడవా ఆలస్యం కాలేదని మురిసిపోయారు. ఇంకోసారి చూసి, "అయితే ఈ ఎర్రది దేనికి? చిన్న ఫోన్లలో చోటు దండగ, తీసెయ్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. హిమజ మాత్రం "ఒకసారి వెళ్లి అడిగొస్తాను సార్" అంది. వాడేవాళ్లని వెళ్లి అడగాలన్న ఆలోచన ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఆమె వెళ్లిన రోజు, తెల్లవారుజామున బయల్దేరిన పడవలన్నీ తొమ్మిదింటికల్లా వచ్చేశాయి, గరికిన ఎల్లాజీ పడవ తప్ప. అందులో ఎల్లాజీ, అతని తమ్ముడు ఉన్నారు. ఎల్లాజీ భార్య మసేనమ్మ ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. చేతిలో ఫోను, ఫోనులో నేను. పన్నెండైంది. గాలి ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తోస్తోంది. అలాంటి గాలిలో ఇంజను ఆగితే పడవ గంటగంటకీ దూరమైపోతుంది. ఆ సంగతి పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు.

మసేనమ్మ బొటనవేలు నా మీదికి వచ్చింది. వెంట్రుకవాసిలో ఆగి, వెనక్కి పోయింది. అలా ఏడుసార్లు. నాకే కాళ్లుంటే ఎదురెళ్లి ఆ వేలికి తగిలేదాన్ని.

"నొక్కండమ్మా, బోటు వెళ్తుంది" అంది హిమజ.

"నొక్కనమ్మా" అంది మసేనమ్మ.

ఆమె పక్కన కూర్చున్న దానమ్మ అనే పెద్దావిడ హిమజని ఎగాదిగా చూసింది. "మీ ఇంట్లో బియ్యం అయిపోతే ఏటంతావమ్మా?"

"నిండుకున్నాయంటాం."

"దీపం ఆరిపోతేనో?"

"కొండెక్కిందంటాం."

"బియ్యానికీ దీపానికే అంత మర్యాద సేత్తారు గదా. గంగమ్మ మీదున్న మొగుణ్ని 'రానేదు' అని పెళ్లాం తన యేలితో తనే సెప్పాలా?"

హిమజ ముఖం మాడిపోయింది. ఆ పొద్దున తను కూడా వాళ్లమ్మతో 'వెళ్తున్నా' అనలేదు, 'వెళ్లొస్తా' అనే బయల్దేరి ఉంటుంది. ఆఫీసులో నా మీది మాట మొదట ఇంగ్లీషులో ఉండేది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేశారు. తెలుగులో తప్పేం లేదు. ఆ మాట ఎవరు అనాల్సి వస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు. నేనైనా ఆలోచించానా? మూడు నెలలూ నన్నెవరూ పట్టించుకోవట్లేదని అలగడంతోనే సరిపోయింది. సిగ్గేసింది.

"మరి ఏమని ఉంటే నొక్కుతారమ్మా?" అని అడిగింది హిమజ.

మసేనమ్మ సముద్రం మీంచి చూపు తిప్పలేదు. "ఎదురు సూత్తన్నాను. అంతే గదమ్మా, ఇప్పుడు నాను సేత్తన్నది."

హిమజ ఒడ్డున లాగిపెట్టిన ఒక పడవ మీద లాప్‌టాప్ తెరిచింది. మా మీది మాటలు ఆఫీసు సర్వర్ నుంచి వస్తాయి, అక్కడ ఒక్క లైను మారిస్తే ఫోన్లన్నిటిలోనూ మారుతుంది. మామూలుగా ఆ ఒక్క లైనుకి రెండు మీటింగులు, రామకోటి గారి అనుమతి కావాలి. ఆమె ఎవర్నీ అడగలేదు. ఎరుపు తీసేసి పసుపు పెట్టింది. 'రాలేదు' తీసేసి 'ఎదురుచూస్తున్నాం' అని రాసింది. తెర ఒకసారి రెప్పవేసినట్టయింది. పాత నన్ను తుడిచేశారు.

మసేనమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. వేలిని చీరకి తుడుచుకుని నన్ను నొక్కింది. నన్ను అవసరంతో నొక్కిన మొదటి మనిషి ఆమే.

బోటు పన్నెండున్నరకి బయల్దేరింది. నాలుగింటికి ఎల్లాజీ పడవని తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను పంకాకి వల చుట్టుకుందట, గాలికి ఎంతో దూరం కొట్టుకుపోయారు. అన్నదమ్ములిద్దరికీ పెదాలు పగిలాయి గానీ ప్రాణానికి ఢోకా లేదు. మసేనమ్మ మొగుణ్ని పట్టుకుని బోరుమని ఏడ్చింది, తర్వాత ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది. రామకోటి గారు అడక్కుండా మార్చినందుకు హిమజని మందలించి, ఆ మార్పునే మర్నాటి మీటింగులో తన ఆలోచనగా చెప్పుకున్నారు.

అదే మీటింగులో ఒక చిక్కు బయటపడింది. ఎల్లాజీ వచ్చిన సాయంత్రమే ఇంకో ఫోనులో నన్ను నొక్కారు. అది దానమ్మ ఫోను. ఆమె మొగుడి పడవ వేటకెళ్లి నాలుగేళ్లయింది. యాప్‌లోకి పేర్లు సొసైటీ పాత రిజిస్టర్లోంచి ఎక్కించారు. అందులో ఆ పడవ ఎదురుగా 'వేటకు వెళ్లింది' అని ఉందంతే. దాన్ని కొట్టెయ్యడానికి పేటలో ఎవరికీ చెయ్యి రాలేదు. దానమ్మ ఇప్పటికీ నుదుట బొట్టు పెట్టుకుంటుంది. గాలింపు బోటు డ్రైవరు ఫోనులో ఆ పేరు చూసి, ఇంజను ఆపి, ఇసుకలో కూర్చుండిపోయాడట.

హిమజ దానమ్మకి ఫోను చేసింది.

"బోటు పంపొద్దులేమ్మా, నాకు తెలుసు" అంది దానమ్మ. "ఇన్నేళ్లూ నన్నెవరూ అడగనేదు. మీ ఫోను అడిగింది గదా, అందుకని సెప్పాను."

రామకోటి గారు దీనికో ఉపాయం చెప్పారు. ముప్పై రోజులు దాటిన పడవ తెర మీంచి దానంతటదే పోవాలి, ఒక్క లైను రాస్తే సరి. హిమజ సరే సార్ అంది. ఫైలు తెరిచి సగం రాసింది. రాసింది చెరిపేసి టీ తాగడానికి వెళ్లింది.

ఆ లైను ఇంతవరకూ ఎవరూ రాయలేదు. దానమ్మ రోజూ పొద్దున్నే ఫోను తెరిచి, తన పడవ పేరు పక్కన నేను ఉన్నానో లేదో చూసుకుని, చేపలబుట్ట ఎత్తుకుంటుంది.