తాడుకు అవతలి చెయ్యి

మంజుల తాడు కట్టుకొని ఉరుకుతున్నదన్న మాట ఇబ్రహీంపట్నంలో పాకడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

నిజానికి అది తాడు కూడా కాదు. పాత బూట్ల లేసు. రెండు కొసలూ గుండ్రంగా ముడివేసి, ఒకటి మంజుల వేళ్లకు, ఇంకొకటి ఆమె ఆడబిడ్డ వనిత వేళ్లకు తగిలించుకునేవాళ్లు. మధ్యలో జానెడు లేసు. వనిత ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. పొద్దున్నే బండ్లు పెరగకముందే ఇద్దరూ మంచాల రోడ్డు ఎక్కేవాళ్లు. "గుంత వదినా, కుడికి రా", "ఎత్తు ఎక్కుడున్నది", "కుక్కలున్నయ్, మెల్లగ" అని వనిత చెబుతూ ఉంటే మంజుల కాళ్లు ఆ మాట ప్రకారం పడేవి.

ఒకరోజు పాలబూతు దగ్గర ఎవరో అననే అన్నాడు. "బర్రెను తోలుకపోయినట్టు తోలుకపోతున్నది చూడు."

చూపు తగ్గినప్పటి నుంచీ జనం మంజుల ముందు గొంతు తగ్గించడం మానేశారు. కళ్లతోపాటు చెవులు కూడా పోయాయని వాళ్ల లెక్క. మంజుల ఆగింది. మాట వచ్చిన వైపు తిరిగింది.

"నేను బర్రెనైతే గీపాటికి నువ్వు కొమ్ముల మీదుంటుంటివి అన్నా," అంది.

పాలబూతు దగ్గర నవ్వులు లేచాయి. ఈసారి ఆ నవ్వులు ఆమె మీద కాదు.

మంజులకు చిన్నప్పుడు రేచీకటి అన్నారు. పెళ్లయ్యాక, కొడుకు పుట్టాక, పక్కల నుంచి చూపు కొంచెం కొంచెంగా మూసుకుంటూ వచ్చింది. సిటీలో కంటి దవాఖానలో డాక్టరు, లోపలి నరాలు ఎండిపోతున్నాయి, మందు లేదు అని చెప్పి పంపేశాడు. ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఎండ బాగా ఉంటే ఎదురుగా మనిషి ఉన్నాడో స్తంభం ఉందో తెలుస్తుంది, అంతే. భర్త సైదులుతో కలిసి బస్టాండు వెనక కర్రీ పాయింట్ నడుపుతుంది. పప్పు, పచ్చిపులుసు, ఆదివారం బగారన్నం. వంటంతా ఆమెదే.

చూపు పోవడం కంటే ఆమెను ఎక్కువ బాధ పెట్టింది ఒక మాట. కూసో. లేచి నిలబడితే చాలు, ఎవరో ఒకరు "ఏడికి పోతున్నవ్, కూసో" అనేవాళ్లు. పెళ్లిలో కూసో. పండుగలో కూసో. ఆఖరికి కన్నకొడుకు కూడా "అమ్మా, నువ్వు కూసో, నేను తెస్త" అన్నాడు. ఆ రోజు ఆమె వంటింట్లో గిన్నె విసిరేసింది. పిల్లవాడు ప్రేమతోనే అన్నాడని తెలుసు. అయినా కోపం ఆగలేదు.

ఆ సాయంత్రం వనిత వచ్చి విషయం కనుక్కొని, "నడువు వదినా, జర ఉరికొద్దాం," అంది. అలా మొదలైంది. మొదటిసారి వీధి చివరిదాకా వెళ్లేసరికే ఊపిరి అందలేదు. కానీ కాళ్ల కింద నేల వేగంగా వెనక్కి పోతుంటే, ముఖానికి గాలి కొడుతుంటే, పాపం పుణ్యం తెలియని ఒక సంతోషం ఆమె గుండెలోంచి పొంగింది. ఏడాది తిరిగేసరికి ఆమెకు పరుగు లేని పొద్దు పొద్దులా ఉండేది కాదు.

అత్త సుక్కమ్మకు మాత్రం నచ్చలేదు. "ఉరుకుడు తప్పని అంటలేను. నలుగురు నాలుగు తీర్ల అనుకుంటున్నరు," అనేది.

"గా నలుగురు మన కొట్టుకు కూరలకొస్తరు గద అత్తా. నన్నే అడగమను, జవాబు చెప్త."

ఆ చలికాలంలో ఊళ్లో పరుగు పందెం పెట్టారు. పెట్టింది రఘునందన్. ఆ చుట్టుపక్కల పాత భూస్వాముల ఇంటివాడు. తాత వ్యవసాయం చేశాడు, తండ్రి చేయించాడు, ఈయన ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. కాలేజీ మైదానం నుంచి మంచాల దాకా వెళ్లి తిరిగి రావాలి. ఇరవై ఒక్క కిలోమీటర్లు. మంజుల, వనిత ఫోనులోనే పేర్లు ఇచ్చేశారు.

ముందురోజు నంబరు కాగితాలు తెచ్చుకోవడానికి రఘునందన్ ఆఫీసుకు వెళ్లారు. అక్కడ వరుసలో చాలామంది ఉన్నారు. మంజుల చేతికర్ర చూడగానే ఆయనే లేచి వచ్చాడు.

"రా అమ్మా, రా. కూసో. నీలాంటోళ్ల కోసం స్పెషల్‌గ పెట్టినం. రెండు కిలోమీటర్ల నడక. తర్వాత స్టేజి మీద శాలువ, మెమెంటో. పేపరోళ్లను గూడ పిలిచినం."

"నేను ఇరవై ఒకటికి పేరిచ్చిన సార్."

ఆయన నవ్వాడు. "గది నీతోని కాదమ్మా. తొవ్వల టిప్పర్లుంటయ్, గుంతలుంటయ్. ఏమన్న అయితే ఎవరిది జిమ్మెదారి?"

"కండ్లున్నోళ్లు పడితే ఎవరిది సార్ జిమ్మెదారి?"

"వాళ్లది వాళ్లదే."

"నాది గూడ నాదే. నంబర్ ఇయ్యుండ్రి."

వరుసలో నిలబడ్డవాళ్లు మాటలు ఆపి వింటున్నారు. రఘునందన్‌కు అది ఇబ్బందిగా తోచింది. కాగితాలు రెండూ వనిత చేతిలో పెట్టించాడు. "సరే, నీ ఇష్టం. సగం దూరంల అంబులెన్స్ ఎక్కుతవ్, గప్పుడు నన్ను యాది చేసుకో," అన్నాడు.

బయటికి వచ్చాక వనిత ఆ కాగితాలు మంజుల చేతిలో పెట్టింది. "వదినా, నిజంగ అయితదా మనతోని?"

"ఆయన గా మాట అనకపోతే అనుమానముండె," అంది మంజుల. "ఇప్పుడు లేదు."

పందెం రోజు మంచు బాగా పట్టింది. మైదానంలో వందల కాళ్ల చప్పుడు, మైకు మోత, ఎవరో పూసుకున్న నొప్పుల మందు వాసన. గుంపులో ఒకరి మోచేతులు ఒకరికి తగులుతుంటే మంజులకు మొదట భయమేసింది. ఊరు దాటి రోడ్డు మీద పడ్డాక గుంపు పలచబడింది. అప్పుడు ఆమె కాళ్లకు అలవాటైన దారి దొరికింది. పత్తి చేల వైపు నుంచి తడి మట్టి వాసన వచ్చింది. మంచాల దగ్గర మలుపు తిరిగేసరికి వనిత, "మస్తు పోతున్నం వదినా, మన ముందటోళ్లు నడుస్తున్నరు," అంది. మంజుల నవ్వింది. నవ్వడానికి కూడా ఊపిరి మిగిలింది.

తిరుగు దారిలో, సగం కంటే ఎక్కువ అయిపోయాక, ఏదో టిప్పరు రోడ్డు మీద కంకర ఒలకబోసి పోయింది. వనిత మంజులను చదునుగా ఉన్న వైపు నెట్టి, తాను కంకర మీద అడుగు వేసింది. చీలమండ మడతపడి కింద పడింది. లేసు ఒక్కసారి గట్టిగా గుంజుకుంది. మంజుల ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం కాలే. నడువు," అంది వనిత. లేచి నిలబడబోయి కేక పెట్టి కూలబడింది.

నీళ్లిచ్చే కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే అంబులెన్స్ వచ్చింది. "ఇద్దరు ఎక్కుండ్రి అక్కా," అన్నాడు డ్రైవరు, అదేదో ముందే నిర్ణయమైపోయినట్టు.

"ఆమెను ఎక్కించుండ్రి. నేను ఎక్క."

"మరి నువ్వెట్ల పోతవక్కా?"

వనిత ఏడుస్తోంది. నొప్పి కంటే కోపంతో ఎక్కువ ఏడుస్తోంది. తన వేళ్లకున్న ముడి తీసి మంజుల అరచేతిలో పెట్టి మూసింది. "ఎవరినన్న పట్టుకో. గీడ ఆగినవంటే నీతోని మాట్లాడ."

అంబులెన్స్ వెళ్లిపోయింది. మంజుల రోడ్డు అంచున నిలబడి లేసు కొస పైకెత్తి పట్టుకుంది. అడుగుల చప్పుడు వినిపించిన ప్రతిసారీ అరిచింది. "ఒక్కరు గీ కొస పట్టుకోండ్రి! ఊళ్లె దాక!"

ఒకతను "సారీ మేడం, టైమింగ్ పోతది" అని దాటిపోయాడు. ఇద్దరమ్మాయిలు తడబడి ఆగబోయి, ఏం చేయాలో తెలియక పోయారు. ఇంకొకాయన పక్కనే నిలబడి, "ఇక చాలమ్మా, ఇంత దూరమొచ్చినవ్, అదే గొప్ప," అన్నాడు. ఒళ్లు చల్లబడుతోంది. పిక్కలు పట్టేస్తున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. చెయ్యి దించలేదు.

అప్పుడు ఒక మోటారుసైకిల్ మెల్లగా వస్తున్న చప్పుడు వినిపించింది. దానితోపాటు ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. నీళ్ల కుర్రాడు "సార్ వస్తున్నడు, సార్‌కు బాటిల్ ఇయ్యిరా" అన్నాడు. రఘునందన్! తన పందెంలో తానూ పరుగెత్తుతున్నాడు. బండి మీద మనిషి వీడియో తీస్తున్నాడు.

"రఘునందన్ సార్!" మంజుల గొంతు పొలాల దాకా వినబడింది. "ఒక చెయ్యి కావాలె. రా!"

ఆయన ఆగాడు. "అరే, నువ్వా? నీ మనిషేది? బండెక్కమ్మా, పంపిస్త..."

"బండి వద్దు. నువ్వు ఎట్లన్న ఊళ్లెకే పోతున్నవ్. గీ కొస పట్టుకో."

వీడియో తీస్తున్నవాడు ఫోను దించలేదు. నీళ్ల కుర్రాళ్లు చూస్తున్నారు. రఘునందన్ కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత వచ్చి ఆమె జబ్బ పట్టుకున్నాడు.

మంజుల ఆ చెయ్యి తీసేసింది. "జబ్బ పట్టకు. గిది వేళ్లకు తొడుగు. గుంజకు, నూకకు. ముందట ఏమున్నదో చెప్పు, చాలు."

ఇద్దరూ కదిలారు. ఆమె పిక్కలు మళ్లీ వేడెక్కాయి. రఘునందన్ కొంతదూరం బాగానే చెప్పాడు. తర్వాత ఆయాసంలో మరిచాడు. స్పీడ్ బ్రేకర్ రానే వచ్చింది. మంజుల కాలు తగిలి ముందుకు పడింది. అరచేతులు, మోకాలు చెక్కుకుపోయాయి.

"గిందుకే గద నేను మొదాలే చెప్పిన!" అన్నాడు ఆయన, కంగారుగా.

"నువ్వు చెప్పలే సార్." మంజుల లేచింది. మోకాలి మీంచి రక్తం కారుతుండటం ఆమెకు తెలుస్తూనే ఉంది. "స్పీడ్ బ్రేకరున్నదని చెప్పలే. గదొక్కటే నీ పని. ఇగ చెప్పు, నడువు."

ఆ తర్వాత ఆయన అన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. గుంత, రాయి, దిగుడు, ఎదురుగా ఆటో. అవసరం లేనివి కూడా చెప్పాడు. "ఎడమ దిక్కు మా వెంచర్," అన్నాడొకచోట. "గది నా కాళ్లకు అడ్డమొస్తదా?" అని ఆమె అడిగితే, రొప్పుతూనే చిన్నగా నవ్వాడు.

ఊరు దగ్గర పడింది. మంజులకు ఇంకా శక్తి ఉంది. ఆయనకు లేదు. అడుగులు ఈడ్చుకుపోతున్నాయి, మాటిమాటికీ లేసు వెనక్కి లాగుతోంది.

"జర ఆగుదాం. రెండు నిమిషాలు నడుద్దాం," అన్నాడు.

"నువ్వు ఆగితే నేను గూడ ఆగాలె సార్. నేను ఆగ. చాతకాకుంటే లేసు ఇంకొకరికి ఇయ్యి, నువ్వు బండెక్కు."

ఆ బండి పక్కనే వస్తోంది. ఎక్కడం ఎంతసేపు? కానీ ఆయన ఎక్కలేదు. సిగ్గుతో ఎక్కలేదో, ఇంకెందుకు ఎక్కలేదో మంజులకు తెలియదు. లేసు మళ్లీ వదులైంది. ఆయన అడుగు ఆమె అడుగుతో కలిసింది.

కూరగాయల బండ్ల దగ్గర జనం గుమిగూడారు. "అరే చూడుండ్రి! సారును తాడు కట్టి గుంజుకపోతున్నది!" అని ఎవరో అరిచారు. ఈలలు, చప్పట్లు. రఘునందన్ చెయ్యి లేసును వెనక్కి దాచబోయింది. మంజుల తన చెయ్యి పైకెత్తింది. దానితోపాటు ఆయన చెయ్యీ లేచింది.

మైదానంలో గీత దాటగానే ఆయన గడ్డి మీద పడిపోయాడు. మంజుల నిలబడే ఉంది. మైకులో ఒకడు ఉత్సాహంగా అరుస్తున్నాడు. "మన రఘునందన్ గారి పెద్ద మనసు చూడండి! ఒక అంధ సోదరిని చేయి పట్టుకొని గమ్యం చేర్చారు!"

మంజుల ఆ గొంతు వినిపించిన వైపు నడిచింది. దారిలో ఉన్నవాళ్లు తప్పుకున్నారు. మైకు దగ్గరికి వెళ్లి గట్టిగానే చెప్పింది. "చేర్చినోళ్లు ఇద్దరు. మొదాల్నుంచి సగం దాటెదాక నా ఆడబిడ్డ వనిత. ఆమె కాలు ఇరిగిందో బెణికిందో, దవాఖానల ఉన్నది. గా పేరు ముందు చదువు. తర్వాత సార్ పేరు చదువు. ఉరికింది మాత్రం నేను. నా పేరు మంజుల."

మైకు పట్టుకున్నవాడు రఘునందన్ వైపు చూశాడు. ఆయన పడుకున్న చోటి నుంచే చెయ్యి ఊపాడు. చదవమన్నట్టు. మూడు పేర్లూ చదివారు. మెడల్ వేశారు. శాలువ తెస్తే మంజుల అక్కర్లేదంది.

సుక్కమ్మ ఎప్పుడు వచ్చిందో, జనాన్ని తోసుకుంటూ వచ్చి కోడలి మోకాలు చూసి తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే కొంగు తడిపి రక్తం తుడిచింది. తిడుతూనే చుట్టూ చేరినవాళ్లతో, "నా కోడలు," అంది.

వనిత కాలు విరగలేదు, నరం బెణికింది. కట్టు కట్టి పంపారు. నాలుగు రోజులకు రఘునందన్ ఫోను చేశాడు. కర్రీ పాయింట్‌లో జనం నిండా ఉన్నారు. సైదులు ఫోను తెచ్చి ఆమె చెవికి పెట్టాడు.

"వీడియో మస్తు మందికి పోయిందమ్మా," అన్నాడు రఘునందన్. "వచ్చేటేడు పోస్టర్ మీద నీ ఫొటో ఏద్దామనుకుంటున్నం."

"ఫొటో వద్దు సార్. నా తీరు చూపు లేనోళ్లు శానమంది ఉన్నరు. వాళ్లు ఉరకాల్నంటే పక్కపొంటి ఉరికెటోళ్లు కావాలె. ఇరవై మందిని జమచెయ్యి. కొస ఎట్ల పట్టాల్నో నేను, వనిత నేర్పిస్తం. నీకు సగం వచ్చింది, మిగిలింది నువ్వు గూడ నేర్చుకో."

"ఆలోచించి చెప్త," అన్నాడు రఘునందన్.

"ఆదివారం దాక ఆలోచించు. గప్పటికి చెప్పకుంటే నేనే మీ ఆఫీసుకొస్త," అని మంజుల, పప్పు కోసం నిలబడ్డ మనిషి వైపు తిరిగింది. "నీకేం కావాలన్నా?"