ఆగు అన్న మాట

బకెట్టులో చెయ్యి పెట్టి రొయ్యల్ని కదిపాడు. బతికున్నవి వేళ్ళను పొడిచి ఎగిరాయి, చచ్చినవి ఊరికే పక్కకి ఒరిగాయి. చచ్చినవాటిని ఏరి ఏట్లోకి విసిరేశాడు. చచ్చిన రొయ్యని పండుగప్ప చేప కన్నెత్తి చూడదు. ముప్పయ్యేళ్ళుగా పొద్దున్నే ఇదే పని. రొయ్యలు, తాగే నీళ్ళు, రెండు గాలాలు, లంగరు తాడు, ఇంజనుకు నూనె. ఆ తర్వాత సరదాకి చేపలు పట్టాలని వచ్చిన మనిషిని పడవెక్కించుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్ళి, చేప ఎక్కడుందో చూపించి, మళ్ళీ రేవులో దింపడం. చేపని పట్టినవాడు మాత్రం వచ్చినవాడే. ఫోటోలో వాడే ఉంటాడు. ఈయన మహా అయితే ఒక మోచెయ్యి.

రేవులో అందరూ ఆయన్ని ఉండన్న అంటారు. పడవలో ఎవరికి ఏం చెప్పాలన్నా "ఉండు", "ఉండండి" అంటాడే గాని "ఆగు" అనడు. ఎందుకనడో కొత్తవాళ్ళకి తెలియదు. పాతవాళ్ళకి తెలిసిందల్లా ఆయన చెప్పిన కథ.

బయల్దేరేటప్పుడు అన్నం గిన్నె చేతికిస్తూ భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రెండింటికి బస్సు. మరిదీ వాళ్ళావిడా సామాను కట్టేసుకున్నారు. ఇవాళైనా ఆ నోరు పెగుల్తుందా?"

"పెగలకేం. పన్నెండుకల్లా వచ్చేస్తాను."

"పంతొమ్మిదేళ్ళుగా వస్తూనే ఉన్నావు" అని పక్కకి జరిగింది.

రేవు చివర సిమెంటు బల్ల దగ్గర తమ్ముడు ఉన్నాడు. వచ్చినవాళ్ళు పట్టిన చేపల్ని పొలుసు గీకి, పేగులు తీసి, ముక్కలు కోసిచ్చే బల్ల అది. కుడిచేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు. మిగిలిన ఎనిమిదితోనే పది వేళ్ళవాడికన్నా ముందు చేపని తేల్చేవాడు. ఇక ఆ పని లేదు. పట్టిన చేపని ఫోటో తీసుకుని నీళ్ళలోకి వదిలెయ్యాలని పడవల ఆఫీసు కొత్త రూలు పెట్టింది. చేప ప్రాణం మీద ఇంత దయ చూపించే ఆఫీసు, మనిషి వేళ్ళు తెగిననాడు ఎక్కడికి పోయిందో! తమ్ముడి బావమరిది ఐసు ఫ్యాక్టరీలో అతనికి కాపలా పని చూసిపెట్టాడు. వేరే ఊరు. ఇక ఇటు రారు. అయినా తమ్ముడు ఆ ఖాళీ బల్లని బ్రష్షుతో తోముతున్నాడు, రేపు కూడా వాడబోతున్నట్టు.

ఆ రోజు వచ్చిన మనిషి జేబుల కోటు వేసుకున్నాడు. ఎన్ని జేబులో ఆయనకే తెలిసినట్టు లేదు, కళ్ళజోడు కోసం నాలుగు వెతికాడు. చెవుడని రేవులో ఎవరో చెప్పి ఉంటారు, తమ్ముడి చెవి దగ్గరికి వంగి కేకేశాడు.

"ఏమయ్యా! ఇవాళ చేపలు పడతాయా!"

తమ్ముడు తల ఎత్తకుండానే బ్రష్షుతో ఏటివైపు చూపించాడు.

ఉండన్న తాడు విప్పుతూ అక్కడే తచ్చాడాడు. మాట గొంతుదాకా వచ్చింది. వచ్చి, వేరే మాటై బయటపడింది.

"రెండింటికేగా?"

తమ్ముడు తలూపాడు.

"వచ్చేస్తాలే."

"సరే" అన్నాడు తమ్ముడు. మెల్లగా అడిగిన మాటకి మెల్లగానే జవాబిచ్చాడు. పంతొమ్మిదేళ్ళుగా అలాగే ఇస్తున్నాడు. రేవులో ఇంతమంది ఉండి, ఒక్కడికీ అది పట్టలేదు.

మడచెట్ల వేళ్ళు నీళ్ళలోకి దిగిన వంపు దగ్గర లంగరు వేశాడు. రొయ్యకి తల వెనక కొక్కెం గుచ్చి వేళ్ళ పక్కనే పడేలా విసిరాడు. గాలం కర్ర కోటాయన చేతికిచ్చి, "ఉండండి... ఉండండి... ఇప్పుడు తియ్యండి!" అన్నాడు. కర్ర విల్లులా వంగింది. పండుగప్ప నీళ్ళు చిమ్ముతూ పైకి లేచింది. ఫోటో అయింది. చేపని తోకపట్టి నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించి, ఊపిరందాక వదిలాడు.

కోటాయన సంతోషం పట్టలేక కబుర్లలో పడ్డాడు. "ఆ బల్ల దగ్గర చెవిటాయన మీకేమవుతాడు?"

"తమ్ముడు. చెవిటివాడు కాదు."

అనేశాక తనే ఉలిక్కిపడ్డాడు. ఈ మాట అనడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. అన్నది ఎవరితో? పేరు కూడా తెలియని మనిషితో. అయినా ఇక ఆపుకోలేకపోయాడు.

అప్పట్లో తమ్ముడూ ఈ పడవ మీదే పని. ఈ వంపులోనే జరిగింది. నీళ్ళు సముద్రంలోకి జోరుగా లాగేస్తున్న వేళ. గాలానికి పెద్ద చేప పడి చెట్ల వేళ్ళవైపు పరిగెత్తింది. పడవ ముందుకి కదలాలి. ముందుభాగంలో తమ్ముడు లంగరు తాడు పట్టుకుని ఉన్నాడు, తాడు చేతికి చుట్టుకుంది. అన్న అది చూడలేదు. చేపనే చూశాడు. "లాగు!" అని అరిచాడు. తమ్ముడు లాగాడు. పడవ తిరిగింది. తాడుకీ చెక్కకీ మధ్య రెండు వేళ్ళు నలిగిపోయాయి.

మర్నాడు ఆఫీసులో ఇద్దర్నీ నిలబెట్టారు, ఒకడు కట్టుతో, ఒకడు టోపీతో. తప్పు ఎవరిదైతే వాడిక పడవెక్కకూడదన్నారు. లంగరు లాగడానికి యంత్రం ఎందుకు పెట్టలేదని ఏ ఒక్కడూ అడగలేదు. వాళ్ళకి కావలసింది నిజం కాదు, తీసేయడానికి ఒక మనిషి. ఆ మనిషిని అన్నే చూపించాడు.

"నేను ఆగు అన్నాను. వాడికి లాగు అని వినపడిందేమో."

ఒక్క అక్షరం తేడా. గాలి, ఇంజను చప్పుడు. ఎవరైనా నమ్ముతారు. నమ్మారు. తమ్ముడు ఒక్కసారే అన్నాడు, "అన్నా, లాగమన్నావు కదా" అని. అన్న గోడ వైపు చూశాడు. ఆనాటినుంచి తమ్ముడికి చెవిటోడన్న పేరు పడింది. బల్ల దగ్గర పని దొరికింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆరేళ్ళ తర్వాత చెవి మిషను కొని, రేవులో పదిమంది ముందూ తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడంటే ఎంత ప్రేమో అని అందరూ మెచ్చుకున్నారు. తమ్ముడు పొలుసులంటిన చేత్తో పెట్టె అందుకున్నాడు.

"ఇవాళ చెప్పాలి" అన్నాడు ఉండన్న. "రెండింటికి వెళ్ళిపోతున్నాడు."

కోటాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పోనీలెండి, ఎప్పటి మాటో" అన్నాడు. తర్వాత నీళ్ళవైపు చూసి, "ఇంకో అరగంట ఉందామా?" అన్నాడు.

చెట్ల వేళ్ళ మీద తడి గీత ఎంత దిగిందో ఉండన్న చూశాడు. ఇప్పుడు కదిలితే ఇసుకమేట దాటొచ్చు. అరగంట ఆగితే నీళ్ళు తగ్గిపోయి, మళ్ళీ పోటు వచ్చేదాకా దాటలేరు. ఏటిలో ఏ గంటకి ఎంత నీరుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

"ఉందాం" అన్నాడు.

నీళ్ళ అంచనా తప్పాడని రేవులో తర్వాత అనుకున్నారు. తప్పలేదు. జంకాడు. అంతే.

పడవ మేట మీద కూర్చుంది. కోటాయన ఏదో జేబులోంచి బిస్కెట్లు తీసి ఒకటిచ్చాడు. అది ఉండన్న అరచేతిలోనే మెత్తబడింది. లంగరు వేసి, బురదలో పీతలు కన్నాల్లోకి పోయి రావడం చూస్తూ కూర్చున్నాడు. పన్నెండైంది. ఒంటిగంటైంది. ఒకటిన్నర దాటాక పోటు నీరు పడవ అడుగున నాలుకలా తగిలింది. పడవ కాస్త లేచేసరికి రెండు దాటి పావుగంట.

దూరంగా వంతెన మీద బస్సు కనిపించింది. పైన మూటలు. కిటికీలో ఎవరున్నారో ఇంత దూరం నుంచి ఏం తెలుస్తుంది! అయినా లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, గుండెలు పగిలేలా అరిచాడు.

"ఆగు! ఒరేయ్, ఆగరా!"

బస్సు పోయింది. వెనక చప్పుడు వినిపించి తిరిగి చూశాడు. కోటాయన ముందుభాగంలో మోకాళ్ళ మీద కూర్చుని, లంగరు తాడు రెండు చేతులా గుంజుతున్నాడు.

"లాగమన్నారుగా!" అన్నాడు ఆయాసపడుతూ.

ఉండన్న చేతులు దించాడు. మెల్లగా వెళ్ళి, ఆయన చేతుల్లోంచి తాడు తీసుకున్నాడు.

రేవులో టిక్కెట్లు కోసే ఆవిడ ఎదురొచ్చింది. "ఎంతసేపు చూశాడు బాబాయ్, మీ తమ్ముడు! మా అన్న వస్తాడు, కొంచెం ఆగు, కొంచెం ఆగు అని డ్రైవరు చెవిలో జోరీగలా మోగి, పది నిమిషాలు ఆపించాడు. నీకేదో ఇవ్వాలట. బల్ల మీద పెట్టాడు. అన్నకి పనికొస్తుందేమో అన్నాడు. తమాషాకి అన్నట్టున్నాడు."

తోమిన సిమెంటు బల్ల మీద చెవి మిషను పెట్టె ఉంది. మూతకి కంపెనీవాళ్ళు అంటించిన కాగితం ఎక్కడా చిరగలేదు. దాని అంచున మాత్రం పదమూడేళ్ళ కిందటి చేప పొలుసు ఒకటి ఎండి అతుక్కుపోయి, ఎండకి మెరుస్తోంది.