పాత మనిషి వేలిముద్ర

పదింటికి బాప్తిస్మం. తొమ్మిదైనా పిన్ని ముందు ఇంకా ఆరు తోళ్ళున్నాయి.

ఆదివారమని తోళ్ళ కంపెనీ మేస్త్రీ వదల్లేదు. సున్నంలో నానిన తోలును దుంగ మీద పరిచి, రెండు పిడుల కత్తితో వెంట్రుకలు గీకుతోంది. చేతి తొడుగులు ఎప్పుడో చిరిగిపోయాయి. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా పగిలింది.

"ఏం పిన్నీ, మునిగి లేస్తే ఈ కంపు కూడా పోతుందంటావా?" పక్క దుంగావిడ నవ్వింది.

"కంపు సంగతి అడగలేదే. మిగతాదంతా పోతుందన్నారు."

మిగతాదంటే తోటి కూలీ పొడుగోడి చావు. నెల కిందట సున్నపు గుంట అడుగు శుభ్రం చెయ్యమని మేస్త్రీ అతన్ని దింపాడు. నడుముకు తాడు లేదు. లోపల గాలి విషమైంది. పైకి తీసేసరికి ఊపిరి లేదు. దింపడం చూసింది పిన్ని ఒక్కతే. తాగొచ్చి తనే జారిపడ్డాడని మేస్త్రీ కాగితం రాయించాడు. "నీ కూతురిదీ ఇక్కడే పని కదా," అన్నాడు మెత్తగా. పిన్ని సాక్షిగా వేలిముద్ర వేసింది. ఆ ముద్రతో పొడుగోడి భార్యకు పరిహారం పోయింది. రేపు ఆమె, పిన్ని గది పక్కనే ఉన్న కంపెనీ గదీ ఖాళీ చెయ్యాలి.

అప్పట్నుంచి పిన్నికి అన్నం దిగలేదు. ప్రార్థన మందిరానికి వెళ్ళింది. నీళ్ళలోకి దిగేది పాత మనిషి, అక్కడే చచ్చి సమాధి అవుతుంది, క్రీస్తుతో లేచేది కొత్త మనిషి అని పాస్టరుగారు చెప్పారు. పిన్ని ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకుంది. మనిషే చస్తే ముద్ర మాత్రం ఎందుకుంటుంది? కాగితం దానంతటదే చెల్లకుండా పోతుంది.

మందిరంలో సిమెంటు తొట్టి. ముగ్గురు మునిగి లేచారు. ఆఖరి మనిషి పిన్ని. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ సంఘపెద్ద మేస్త్రీయే. వెనక వరసలో పొడుగోడి భార్య ఉంది.

నడుము లోతు నీళ్ళలో పాస్టరు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"అయ్యగారూ, ఇప్పుడు నా పాత మనిషి చచ్చిపోతుందిగా?"

"అవునమ్మా."

"దాని వేలిముద్ర కూడా?"

చెయ్యి ఆగింది. "దేవుడి దగ్గర పోయినట్టే."

"మరి ఆఫీసులో?"

పాస్టరు మేస్త్రీ వైపు చూశాడు. "కళ్ళు మూసుకో తల్లీ."

"ఆఫీసులో, అయ్యగారూ?"

"అక్కడ ఉంటుంది," అన్నాడాయన గొంతు తగ్గించి. "నువ్వే వెళ్ళి చెప్పుకుంటే తప్ప."

పిన్ని ఆయన చేతిని తల మీంచి తీసేసింది. "అయితే ముందు అది చెప్పొస్తాను. అందాకా మునగను."

"పిన్నీ!" మేస్త్రీ నవ్వు మొహంతోనే అన్నాడు. "నీ కూతురు ముందు వరసలోనే ఉంది. చూసి మాట్లాడు."

పిన్ని చూసింది. వద్దన్నట్టు తలూపుతోంది కూతురు.

"పొడుగోడు తాగలేదు. తాడు అడిగాడు. పావుగంట పనికి తాడెందుకురా అన్నావు నువ్వు. నేను విన్నాను."

పొడుగోడి భార్య లేచింది. "నెల రోజులు మా గోడ అవతలే పడుకున్నావు. నా ఏడుపూ విన్నావుగా పిన్నీ?" జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్ళిపోయింది.

"రేపు తల్లీకూతుళ్ళిద్దరూ గేటు దగ్గరికి రానక్కర్లేదు," అని మేస్త్రీ వంగి తొట్టి అడుగు బిరడాను గొలుసు పట్టి లాగేశాడు. ఎవరో గబగబా పాట ఎత్తుకున్నారు. పాస్టరు మెట్లెక్కి తడి బట్టలతో గట్టు మీద కూలబడ్డాడు.

కూతురు లేచింది. తొట్టి వైపు రాలేదు. చేతులు జోడించుకుని మేస్త్రీ వైపు నడిచింది.

పిన్ని పిలవలేదు. నీళ్ళు చీలమండల దాకా దిగినా, ఉన్నచోటునుంచి కదల్లేదు.